అప్పుకు ఆలుమగలిద్దరూ, ఆస్తికి ఒక్కరే

తెలంగాణలో 2018 ఆగస్టు 15న రైతు బీమా మొదలైంది. పట్టాదారు పాసుపుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. ఇంటి పెద్ద పోయిన ఎన్నో కుటుంబాలు అప్పులవాళ్ల ముందు తలవంచకుండా నిలబడ్డాయంటే ఆ డబ్బే కారణం. ఇప్పుడు రెండెకరాల చేను చేసుకునే ఒక జంటను ఊహించుకుందాం. దుక్కి దున్నడం, మందు కొట్టడం ఆయన పని. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, పశువుల పేడ తీయడం ఆమె పని. పాసుపుస్తకం ఆయన పేరున ఉంది. ఆయన పోతే ఆమెకు 5 లక్షలు వస్తాయి. ఆమె పోతే ఆ ఇంటికి రైతు బీమా కింద ఒక్క రూపాయి రాదు. రికార్డులో ఆమె రైతు కాదు, రైతు భార్య.

పెట్టుబడి సాయం సంగతీ అంతే. 2018లో రైతుబంధుగా మొదలై, 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో ఎకరానికి సీజనుకు 6 వేలు చొప్పున ఇస్తున్న సొమ్ము పాసుపుస్తకంలో ఎవరి పేరుంటే వారి ఖాతాలోనే పడుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల చేతిలో ఉన్న కమతాలు సుమారు 14 శాతం. చేలో వంగి పనిచేసే వాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో తెలుగు పల్లె చూసిన ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పెళ్లి తర్వాత డబ్బు వ్యవహారాల గురించి పత్రికల్లో, యూట్యూబ్‌లో సలహాలకు కొదవ లేదు. జీతంలో ఎంత పొదుపు చేయాలి, ఏ ఫండ్‌లో పెట్టాలి, ఇంటి లోను ఎన్నేళ్లకు తీసుకోవాలి అని చెబుతారు. వాటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏది ఎవరి పేరున ఉంది? మన ఇళ్లలో సంపాదన ఇద్దరిదీ, ఖర్చు ఇద్దరిదీ. కాగితం మీద మాత్రం చాలా ఇళ్లు ఒక్కరివే.

దీనికి మూలం మన చట్టంలోనే ఉంది. పెళ్లి ఇద్దరు మనుషుల్ని కలుపుతుంది గానీ వాళ్ల సంపాదనను కలపదు. పెళ్లయ్యాక భర్త కొన్న ఇల్లు భర్తదే, భార్య కొన్న ఇల్లు భార్యదే. 2005 గృహహింస నిరోధక చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, ఆ ఇంటి మీద హక్కు ఇవ్వలేదు. విడిపోతే భరణం అడగవచ్చు. అడగాలి, రుజువు చేయాలి, కోర్టు ఎంతంటే అంత పుచ్చుకోవాలి.

ప్రపంచమంతా ఇలాగే ఉందనుకోవడానికి లేదు. మన గోవానే చూడండి. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ అక్కడ ఇంకా అమల్లో ఉంది. పెళ్లికి ముందే వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప, భార్యాభర్తల ఆస్తి ఇద్దరికీ ఉమ్మడి. ఒకరి సంతకం లేకుండా రెండోవారు ఇల్లో స్థలమో అమ్మలేరు. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లోనూ పెళ్లయ్యాక వచ్చిన సంపాదన ఇద్దరి ఉమ్మడి ఆస్తి. కాలిఫోర్నియాలో విడిపోతే చెరిసగం. హెచ్-4 వీసా మీద వెళ్లి, ఉద్యోగం చేసే అనుమతి లేక ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయిన తెలుగు అమ్మాయికి కూడా ఆ హక్కు ఉంటుంది. అదే అమ్మాయి విజయవాడలోనో వరంగల్‌లోనో కాపురం పెట్టి ఉంటే, భర్త జీతంతో కొన్న ఫ్లాట్‌లో ఆమెది అని చట్టప్రకారం చెప్పుకోవడానికి ఒక్క గజం ఉండదు.

మరి మన ప్రభుత్వాలకు కుటుంబం ఒక్కటే అన్న సంగతి తెలియదా? బాగా తెలుసు. పరిమితి పెట్టాల్సి వచ్చిన ప్రతిచోటా తెలుసు. 1973లో ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు భర్త, భార్య, మైనరు పిల్లల్ని కలిపి ఒకే కుటుంబ యూనిట్‌గా లెక్కగట్టారు. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన పొలం భార్య పేరునే ఉన్నా, సీలింగ్ లెక్కలో అది భర్త భూమితో కలిసిపోయింది. అదే చట్టం మేజరైన కొడుకుల కోసం పరిమితిని పెంచింది, మేజరైన కూతుళ్ల కోసం పెంచలేదు. ఇవాళ పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు ఇచ్చేది కుటుంబానికి. భర్త, భార్య, మైనరు పిల్లలు కలిసి ఒక కుటుంబం. అగ్రవర్ణ పేదల రిజర్వేషన్‌కు 8 లక్షల ఆదాయ పరిమితి చూసేటప్పుడు భార్యాభర్తలిద్దరి ఆదాయమూ కలుపుతారు.

అప్పు దగ్గర ఇది మరీ స్పష్టం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది సూక్ష్మరుణం. ఆ కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఇంట్లో అందరి కిస్తీలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అప్పుల్లో కూరుకుపోకుండా కుటుంబాలను కాపాడే మంచి నిబంధనే ఇది. కానీ దీని అర్థం చూడండి. అప్పు తీర్చే శక్తిని కొలిచేటప్పుడు ఆలుమగల సంపాదన ఒక్కటే. ఆ సంపాదనతో కొన్న స్థలం ఎవరిదని అడిగినప్పుడు మాత్రం ఎవరిది వాళ్లదే.

పైగా ఆ అప్పు ఎవరి పేరున ఉంటుంది? తెలుగు రాష్ట్రాల్లో గ్రూపు లోన్లు దాదాపుగా ఆడవాళ్ల పేరునే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం వెంటే రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ పుట్టింది. డ్వాక్రా సంఘాలు ఊరూరా పాకాయి. మహిళలు వాయిదా ఎగ్గొట్టరన్న నమ్మకం బ్యాంకులకు కుదిరింది. ఆ నమ్మకం మీదనే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ సంస్థలూ వచ్చాయి. వారం వారం సెంటర్ మీటింగులు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్న ఒత్తిడి, వసూలు చేసేవాళ్లు గుమ్మంలో కూర్చోవడం, ఆత్మహత్యలు. చివరికి 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చర్చంతా వడ్డీల మీద, వసూలు పద్ధతుల మీద నడిచింది. ఆ డబ్బుతో ఏం కొన్నారు, అది ఎవరి పేరున కొన్నారు అని అడిగినవాళ్లు తక్కువ. భార్య పేరున గ్రూపు లోను తీసి కొన్న ఆటో ఆర్‌సీ భర్త పేరున ఉంటుంది. ఆమె లోనుతో వేసిన బోరు ఆయన పట్టాలో పడుతుంది. కిస్తీ తప్పితే చెడేది ఆమె సిబిల్ స్కోరు. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు, ఇక్కడి పేద, మధ్యతరగతి సంసారాల్లో స్థిరపడిపోయిన పద్ధతి.

బంగారం విషయంలో చట్టం ఆమె వైపే ఉంది. పెళ్లిలో పుట్టింటివారు, అత్తింటివారు, బంధువులు ఆమెకు పెట్టిన నగలు స్త్రీధనం. అవి పూర్తిగా ఆమెవేనని, భర్తకు వాటిపై ఎలాంటి ఉమ్మడి హక్కూ లేదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో మరో మెట్టు ఎక్కింది: కూతురి స్త్రీధనాన్ని ఆమె అధికారమివ్వకుండా తిరిగి అడిగే హక్కు కన్నతండ్రికి కూడా లేదంది. ఆదాయపు పన్ను సోదాల్లోనూ పెళ్లయిన మహిళ దగ్గర 500 గ్రాముల వరకు నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 నుంచి ఆదేశం ఉంది. పెళ్లికాని అమ్మాయికి అది 250 గ్రాములే. కానీ విత్తనాలకు, ఎరువులకు, కాలేజీ ఫీజుకు, మామగారి ఆపరేషన్‌కు ముందుగా తాకట్టు షాపుకి వెళ్లేది ఈ బంగారమే. విడిపించలేక వేలంలో పోయిన నగకు ఆ ఇంట్లో ఎవరూ లెక్క రాయరు. ఆ నగతో గట్టెక్కిన పొలం మాత్రం ఆయన పేరునే మిగులుతుంది. నగ తీసి ఇచ్చిన రోజే తేదీ, బరువు, ఎందుకోసమన్నది ఒక పుస్తకంలో రాసుకోవడం అనుమానం కింద లెక్క కాదు. పెళ్లి పందిట్లో చదివింపులు రూపాయితో సహా పుస్తకంలో రాసే అలవాటు మనకు తరతరాలుగా ఉన్నదే.

కట్నం గురించి వేరే చెప్పాలా? 1961 నుంచి అది నేరం. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమని అందరికీ తెలుసు. అంతగా తెలియనిది ఆ చట్టంలోనే ఉన్న ఆరో సెక్షన్: కట్నం ఎవరి చేతికి వెళ్లినా, మూడు నెలల్లోగా దాన్ని పెళ్లికూతురికి అప్పగించాలి, అప్పటిదాకా ఆమె తరఫున భద్రపరచాలి. ఆ డబ్బుతో ఆడపడుచు పెళ్లి చేయడం, పాత అప్పు తీర్చడం ఆ చట్టం ఒప్పదు. పుట్టింట్లో కూడా కట్నాన్ని సాకుగా చూపే అలవాటు పోలేదు. ‘‘నీ పెళ్లికి అంత ఖర్చు పెట్టాం, ఇంకెక్కడి వాటా’’ అని అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. నేరంగా ప్రకటించిన చెల్లింపు ఆస్తిలో వాటాకు బదులు ఎలా అవుతుంది?

కూతుళ్ల వాటా విషయంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు వచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది, ఇరవై ఏళ్ల తర్వాత. అయితే ఎన్టీఆర్ చట్టానికి ఒక మినహాయింపు ఉంది: ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి హక్కు లేదు. ఒకే ఇంట్లో ఆగస్టులో పెళ్లయిన అక్కకు వాటా లేకపోవడం, నవంబరులో పెళ్లయిన చెల్లెలికి ఉండటం ఆ రోజుల్లో జరిగింది. తర్వాత 2005 సవరణ పెళ్లయిన కూతుళ్లనూ కలుపుకుంది, 2020లో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాలు తీర్చింది. పెళ్లి ముహూర్తం ఒక మనిషి ఆస్తిని ఎలా మార్చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఇక ఇంటిపని. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తున్నారు. పురుషులు 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే సమయం దీనికి అదనం. కొన్ని కోర్టులు ఈ శ్రమకు విలువ కట్టడం మొదలుపెట్టాయి. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి.రమణ ఈ విషయం మీద ప్రత్యేకంగా తీర్పు రాశారు. 2011 జనగణనలో ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన మహిళలు దాదాపు 16 కోట్లు, పురుషులు 58 లక్షల లోపు అని గుర్తుచేశారు. గృహిణికి ఆదాయం లెక్కగట్టడం ఆమె శ్రమకు ఇచ్చే గుర్తింపు అన్నారు. కానీ ఆ లెక్క ఆమె చనిపోయాక, బీమా కంపెనీ పరిహారం ఇవ్వాల్సినప్పుడు వేసింది. బతికున్న గృహిణి పనికి విలువ కట్టిన అరుదైన తీర్పు 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు నుంచి వచ్చింది. భర్త ఏళ్ల తరబడి సౌదీలో పనిచేశాడు. ఇక్కడ పిల్లల్ని, ఇంటిని చూసుకున్నది భార్య. ఆయన పంపిన డబ్బుతో ఆస్తులు సమకూరాయి. తిరిగొచ్చాక అవన్నీ తనవేనన్నాడు. ఆమె ఇల్లు చూసుకోకపోతే ఆయన అక్కడ సంపాదించగలిగేవాడే కాదని, కాబట్టి ఆమెకూ సమాన వాటా ఉందని హైకోర్టు చెప్పింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్‌కు మగవాళ్లను పంపి ఇల్లు నడుపుకొస్తున్న ఆడవాళ్లకు ఈ తీర్పు సరిగ్గా సరిపోతుంది. కాకపోతే అది ఒక రాష్ట్ర హైకోర్టులో ఒక న్యాయమూర్తి చెప్పిన మాట. దేశమంతటికీ చట్టం కాదు.

2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్లిన మరో కేసులో, విడాకులు పొందిన ముస్లిం మహిళకు కూడా సాధారణ చట్టం కింద భరణం కోరే హక్కు ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పులో జస్టిస్ నాగరత్న మరో మాట కూడా రాశారు. సొంత ఆదాయం లేని భార్యకు భర్త ఆర్థికంగా అండగా ఉండాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు వంటివి ఆమెకు అందుబాటులో ఉంచాలని. దేశ అత్యున్నత న్యాయస్థానం ఏటీఎం కార్డు దాకా దిగి చెప్పాల్సి వచ్చిందంటే, ఇళ్లలో పరిస్థితి ఎక్కడుందో తెలుస్తోంది.

కాగితం విలువ పూర్తిగా తెలిసేది చావు తర్వాతే. హైదరాబాద్‌లో ఒక జంట ఇద్దరి జీతాలతో ఫ్లాట్ కొన్నారనుకుందాం. రిజిస్ట్రేషన్ భర్త పేరున. వీలునామా లేదు. ఆయన హఠాత్తుగా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఫ్లాటు భార్యకు, ఇద్దరు పిల్లలకు, ఆయన తల్లికి సమానంగా, అంటే పావు వంతు చొప్పున వెళ్తుంది. ఈఎంఐ కట్టిన భార్యకు దక్కేది పావు వంతు. పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటాతో కలిపి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. అదే ఫ్లాటు ఇద్దరి పేరునా సమానంగా ఉండి ఉంటే, సగం ముందే ఆమెది. మిగతా సగంలో పావు కలిపితే నూటికి 62న్నర వంతులు ఆమె చేతిలో ఉండేవి. రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజులో ఇంకొక పేరు చేర్చడమే ఇక్కడ తేడా. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ సూత్రాలు వేరు. పేరు లేకపోతే వచ్చే ఇబ్బంది మాత్రం అందరిదీ.

నామినీగా పేరుంటే చాలన్న నమ్మకం కూడా తరచు దెబ్బతీస్తుంది. చాలా సందర్భాల్లో నామినీ డబ్బు అందుకునే మనిషే, యజమాని కాదు, వారసులకు పంచాల్సిందే. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే ఖాయం చేసింది. పీఎఫ్‌లో ఇంకో తిరకాసు ఉంది: పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లవగానే చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వాలి. మంచి సదుపాయం ఉన్నా వాడుకోనిది 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం. దాని కింద భార్యాపిల్లల కోసం భర్త తీసుకున్న జీవిత బీమా వాళ్ల ట్రస్టు సొమ్ము. భర్త అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. వ్యాపారం చేసే ప్రతి ఇంట్లో ఈ ఏర్పాటు ఉండాలి. దరఖాస్తుతో పాటు ఒక ఫారం నింపితే చాలు.

ఆడవాళ్లు వీలునామా రాయకపోతే జరిగేది ఇంకా అన్యాయం. ఒకావిడ కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1955లో పెళ్లి. మూడు నెలలు తిరక్కుండానే భర్త పోయాడు. అత్తింటివారు వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివించారు, ఉద్యోగం చేసింది, 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. జీవితాంతం ఆమె కూడబెట్టిన డబ్బు కోసం కన్నతల్లి, వెళ్లగొట్టిన అత్తింటి బంధువులు పోటీ పడ్డారు. సానుభూతితో చట్టాన్ని మార్చలేమని చెప్పి, 2009లో సుప్రీంకోర్టు ఆ సొమ్మును అత్తింటి వైపుకే ఇచ్చింది. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త, పిల్లలు లేని స్త్రీ స్వార్జితం ముందు భర్త వారసులకే వెళ్తుంది. ఆమె తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. లా కమిషన్ 2008లోనే దీన్ని మార్చాలంది. ఇప్పటికీ మారలేదు. జీతం అందుకుంటున్న ప్రతి అమ్మాయీ ఒక తెల్లకాగితం మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాసుకోవాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఉమ్మడి పేరు పెడితే విడాకులప్పుడు గొడవ ముదురుతుందని, తాతలనాటి భూమి చేయిజారుతుందని భయపడేవాళ్లున్నారు. కొడుకు చదువుకు, ఫ్లాట్ అడ్వాన్సుకు తమ కష్టార్జితం పెట్టిన తల్లిదండ్రులకు ఈ భయం ఎక్కువ. అది కొట్టిపారేసేది కాదు. కానీ ఇక్కడ అడుగుతున్నది పెళ్లి తర్వాత ఇద్దరూ కూడబెట్టిన దానిలో వాటా. తాతల ఆస్తికి, పెళ్లికి ముందు సంపాదనకు దానితో సంబంధం లేదు. తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బును అప్పుగానో కానుకగానో రాతలో పెట్టుకోవచ్చు. ఉమ్మడి ఇంటి లోను మీద సంతకం చేసిన భార్య మొత్తం బాకీకి బాధ్యురాలవుతుంది, విడాకులొచ్చినా బ్యాంకు ఆమెను వదలదు. బాకీకి పూర్తిగా బాధ్యత మోస్తున్న మనిషికి ఇంట్లో సగం ఇవ్వడం ఎక్కువెలా అవుతుంది?

విడాకుల వేళ భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభ గడువు ముగియడంతో అది మురిగిపోయింది. మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. వివాహం, వారసత్వం ఉమ్మడి జాబితాలోవి, భూమి రాష్ట్రాలదే. ఉత్తరాఖండ్ ఇంకా ముందుకు వెళ్లి, 2021లో భర్త పూర్వీకుల భూమిలోనే భార్యకు సహ యజమాని హక్కు కల్పించింది. ఇళ్ల స్థలాలు, పక్కా ఇళ్లు ఆడవాళ్ల పేరున ఇవ్వడం రెండు తెలుగు రాష్ట్రాలకూ కొత్త కాదు. ప్రభుత్వం ఇచ్చే సెంటు స్థలానికి వర్తించిన న్యాయం సొంత పొలానికి ఎందుకు వర్తించదు?

మొదటి అడుగు రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేయవచ్చు. మహారాష్ట్రలో ఇల్లు గానీ వ్యవసాయ భూమి గానీ భార్యకో, భర్తకో, పిల్లలకో గిఫ్టుగా రాస్తే స్టాంపు డ్యూటీ 200 రూపాయలు. ఇక్కడ ఆ డ్యూటీ ఆస్తి విలువలో శాతం లెక్కన పడుతుంది. భార్య పేరు చేర్చాలనుకున్న రైతు ఆ ఖర్చు చూసి వెనక్కి వస్తాడు. వచ్చే బడ్జెట్‌లోనే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆలుమగల మధ్య బదిలీకి డ్యూటీని 200కు దించాలి. పాసుపుస్తకంలో రెండో పేరు ఎక్కించే పనిని ఎమ్మార్వో ఆఫీసులో ఒక్క దరఖాస్తుతో తేల్చాలి. రెండు పేర్లూ ఉన్న కమతంలో ఎవరు చనిపోయినా రైతు బీమా వర్తిస్తుందని తెలంగాణ జీవో ఇవ్వాలి.